ఎంగిలి విత్తనం

పొద్దన్నే నీళ్ళ చెంబు ఎత్తలేని చేయి, మధ్యాన్నానికి కొప్పు ఎట్ల ముడుస్తాది? చెప్పండప్పా, మీరే చెప్పండి. ఈ ఒక్క మాటనే ఆర్నెల్లు మనసులో ఏసుకొని నమిలినాను నేను.

నా కోడలు నాగక్క సంగతి చెప్తాండా. రాయచెర్లు పిల్ల. నా కొడుకు కొల్లప్పకు చేసుకొని మూడేండ్లు. వచ్చిన కొత్తలో రెండు బిందెలు ఒకేతూరి ఎత్తుకొస్తుండె. రెండో ఏడు నుంచి మొదలుపెట్టింది, "అత్తా, వేళ్ళు ముడుచుకోవు. అత్తా, మణికట్టు వాచింది" అని. తెల్లారి లేస్తే రాగిముద్ద కెలికే కట్టె పట్టుకోలేదు. చెంబు జారవిడుస్తాది. పొయ్యికాడ కూర్చొని చేతులు కాచుకుంటాది. సరే, నొప్పేమో అనుకుందామంటే, పొద్దు నెత్తి మీదికి వచ్చేతలికి అవే చేతులతో తల దువ్వుకుంటాది, కొప్పు ముడుస్తాది, బట్టలు పిండుతాది. తెల్లారి ఉండే నొప్పి మధ్యాన్నం యాడికి పోయినట్లు? ఇంట్లో పనంతా ఉండేది తెల్లారే కదా!

నాకు అనుమానం జాస్తి. మా ఊరు మంగళవాడలో అందరికీ తెలుసు. మా గొర్రె పోయినప్పుడు ఊరంతా తోడేలు ఎత్తకపాయ అనిరి. తోడేలు గొర్రె మెడలో గంట విప్పి పెట్టి పోతాదా అని అడిగింది నేనొక్కదాన్నే. మూడో దినం దొంగ దొరికినాడు. అప్పటి నుంచి నా అనుమానం మీద నాకు శానా నమ్మకం.

మూడేండ్లుగా వాన లేదు. చేన్లో ఏసింది చేన్లోనే మాడిపాయ. ఇంట్లో మిగిలింది మూడు మూటల చెనిక్కాయలు. ఒక పూట తిని ఒక పూట పస్తుండి విత్తనానికని దాచినవి. మిరగం కార్తికి వాన పడితే అవే చల్లల్ల. అవీ పోతే ఆ ఏడు కూడా కరువు పనుల్లో మట్టి మోసేదే మా గతి. కూలోళ్ళను పిలిస్తే ఒలస్తా ఒలస్తా సగం మింగుతారని, అత్తాకోడళ్ళం ఇద్దరమే ఒలుద్దామంటి. నాకో మూట, దానికో మూట. మూడో మూట మల్ల చూద్దాములే అని కట్టు విప్పలేదు.

విత్తనం ఒలిచేదానికి మా ఇండ్లల్లో ఒక కట్టుబాటు ఉండాది. నీళ్ళు పోసుకొని కూర్చోవల్ల. కాయను బొటనవేలితో ఒత్తే పగలగొట్టల్ల. పంటికి తగిలిందంటే అది ఎంగిలి. ఎంగిలి విత్తనాన్ని భూమమ్మ తీసుకోదు, మొలవదు అంటారు. మా అత్త నాకు చెప్పింది, వాళ్ళ అత్త ఆమెకు చెప్పింది. దాన్ని దాటినోళ్ళు లేరు.

నాగక్క ఏమనిందో తెలుసునా? "అత్తా, నేను లోపలింట్లో కూర్చొని ఒలుస్తా. ఈడ ఎండ జాస్తి" అని మూట ఈడ్చుకొని లోపలికి పాయ. తలుపు దగ్గరికి ఏసుకొనె. మేయ్, విత్తనం ఒలిచేకి తలుపెందుకే? తినేకి కాకుంటే! మధ్యాన్నం ఏసుకున్న తలుపు పొద్దు గూకినాకనే తీస్తుండె. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని మాట్లాడుతుండె, పెదాలు పగిలి ఉంటుండె. ఏందే అంటే, "ఎండకు, అత్తా" అంటుండె. లోపలింట్లో యాడిది ఎండ?

ఇంక నా వల్ల కాలేదు. రాయచెర్లులో ఉండే దాని అన్న బోరన్నకు చెప్పంపితి, "వచ్చి నీ చెల్లెల్ని పిల్చుకొని పో, మల్లా తోడుకొచ్చే పని లేదు" అని. బోరన్న ఇంట్లో నలుగురు పిల్లోళ్ళు, తినేకే కష్టం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చెప్పంపితి. నా కొడుకు కొల్లప్ప వినీ విననట్లు గొర్రెలు తోలుకొని పాయ. నా ముందర వాని నోట్లో నాలిక ఉండదు.

అంతలో వచ్చింది జలజ. పావగడ బజార్లో చెనిక్కాయల మండి పెట్టినాడే యోగానంద, ఆయన కూతురు. బెంగుళూరులో చదువుతాదంట. భుజాన సంచి ఏసుకొని వచ్చి, "వెంకటక్కా, కీళ్ళవాపు ఉండే ఆడోళ్ళ చేతుల్లో బలం ఎంతుండాదో చూస్తాండా. మీ కోడలికి ఉండాదని చెప్పినారు" అనె.

మండి పిల్ల, విత్తనం కాలంలో, మా ఇంటికి! "చేతుల్లో బలం చూసేకి వచ్చినావా, ఇంట్లో ఎన్ని మూటలుండాయో చూసేకి వచ్చినావా?" అంటి మొగం మీదనే.

ఆ పిల్ల నవ్వింది. "మూటలు చూసేదానికైతే ఇన్నేండ్లు చదివేదెందుకక్కా? నేను డాక్టరేట్ చేస్తాండా."

"డాక్టరైతే సూదెయ్యి."

"ఆ డాక్టర్ కాదక్కా. ఈ జబ్బులో కండ ఎందుకు కరిగిపోతాది, బలం ఎందుకు తగ్గుతాది అని కనుక్కొని రాసేది నా చదువు."

సూదెయ్యని డాక్టరు, కాయలు కొనేకి రాలేదనే మండి పిల్ల. నా చెవుల్లో పూలు పెట్టేకి వచ్చిందనుకుంటి. అంతలో సంచిలోనుంచి ఒక ఇనుప పిడి తీసె. దాని మీద గడియారం మాదిరి ఒక ముల్లు. పిడిని నొక్కితే ముల్లు తిరుగుతాదంట. అది చూసి నాకు లోపల్లోపల కుశాలాయ. ఇదీ ఒకందుకు మంచిదే, దొంగ నొప్పి బయటపడతాది అని.

"నటిస్తే నీ ముల్లుకు తెలుస్తాదా?" అంటి.

"శానామట్టుకు తెలుస్తాదక్కా. మూడు తూర్లు నొక్కిస్తా. నటించేవాళ్ళకు ప్రతి తూరీ ఒకే అంత నొక్కేకి రాదు. తెల్లారి ఒకతూరి, మధ్యాన్నం ఒకతూరి చూడల్ల. నువ్వు కూడా నొక్కల్ల. ఒకే ఇల్లు, ఒకే తిండి కదా, పక్కపక్కన పెట్టి చూస్తా."

మర్నాడు మొదటి బస్సుకే దిగింది. ముందు నేను నొక్కితి. "ఇరవై ఆరు" అని రాసుకొనె. ఈ వయసులో కూడా చూడండప్పా! మల్ల నాగక్క పట్టుకునె. పండ్లు బిగించి నొక్కె. నాలుగు. మల్లా నాలుగు. మూడోతూరీ నాలుగే. మధ్యాన్నం నొక్కిస్తే తొమ్మిది.

"చూస్తివా, మధ్యాన్నానికి ఎట్ల పెరిగెనో!" అంటి నేను.

"ఈ జబ్బు గుణమే అది, అక్కా. తెల్లారి బిగుసుకొని ఉంటాది, పొద్దెక్కేకొద్దీ సడలుతాది." జలజ నాగక్క చేయి తిప్పి, బొటనవేలి పక్కన చూపించె. అక్కడ కండ ఉండల్ల, గుంత పడి ఉండాది. "మన ఒంట్లో కాపలా ఉంటాది. బయటినుంచి వచ్చే రోగాన్ని తరిమేది దాని పని. ఈ జబ్బులో ఆ కాపలా ఇంటోళ్ళనే దొంగలనుకుంటాది. కాపలాకుక్క ఇంటోళ్ళనే కరిసినట్ల."

"అట్లాంటి కుక్కను ఎవురన్నా పెట్టుకుంటారా?" అని ఎగతాళి చేస్తి.

జలజ నవ్వలేదు. "పెద్దాసుపత్రిలో మందు ఉండాది. పూర్తిగా పోతాదని చెప్పను, అదుపులో ఉంటాది. సోమారం నాతో పంపించక్కా. ఆలస్యం చేస్తే వేళ్ళు వంకర తిరుగుతాయి, మల్లా సరికావు."

"సోమారానికి అది మా ఇంట్లో ఉండదు. పుట్టింటోళ్ళను అడుగుపో" అంటి. నాగక్క తల వంచుకొని చేతులు కొంగులో దాచుకునె. "ఐనా సోమారం పావగడలో మొదటి బస్సుకాడ కాచుకొని ఉంటా" అని చెప్పి జలజ బస్సుకు పాయ.

శనివారం తెల్లారి నీళ్ళు కాగబెడదామని కూర్చున్నా. లోపలింటినుంచి వచ్చిన చెనిక్కాయల పొట్టు చేటతో తెచ్చి పొయ్యిలోకి దొబ్బుతాండా. ఒక చిప్ప చేతికి తగిలె. చూస్తే పంటి గాటు. ఇంకోటి తీస్తే దానికీ గాటే. చేటంతా కెలికితి. ఒక్క చిప్పకన్నా బొటనవేలి ఒత్తుడు లేదు, అన్నీ కొరికినవే.

నా నెత్తిలో మంటలు లేచె. దొంగముండ, విత్తనం తినింది! తలుపు తోసుకొని లోపలికి పోతి. అది ఒలిచిన పప్పు జోలెలో కట్టి మూలకు పెట్టి ఉండాది. ఎంత మింగిందో తేల్చల్ల అని సేరు తీసుకొని కొలుస్తి. ముప్పై సేర్లు, గోపురం లేచి ఉండె. నాది తెచ్చి కొలుస్తి. అదే చేను కాయ, అంతే మూట. ఇరవై తొమ్మిది, ఆ పైన ఒక పిడికెడు.

మల్లా కొలుస్తి. మల్లా అంతే.

అప్పుడు గుర్తుకొచ్చె. ఒలస్తా ఒలస్తా నోట్లో ఏసుకున్నది నేను. ఒకటే కదా, రెండే కదా అని. ముప్పై సేర్లలో ఒక గింజ మింగలేదు ఆ పిల్ల. నోట్లో కాయ పెట్టుకొని, పగలగొట్టి, ఆకలి కడుపుతో పప్పు బయటికి తీసి పెట్టింది.

వెనక సప్పుడైతే తిరిగి చూస్తి. నాగక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకొని గడప కాడ నిలబడి ఉండాది.

"నోరు తెరువు" అంటి.

తెరిచింది. చిగుళ్ళు పుండు పడి ఉండాయి. ముందరి పన్ను సగం విరిగి ఉండాది. ఇన్నాళ్ళు కొంగు అడ్డం పెట్టుకొని మాట్లాడేది ఇందుకా! నేను గమనించినా, దొంగ గుణం అనుకుంటి.

"వేళ్ళు రాలేదత్తా" అనింది. "మధ్యాన్నం గూడా ఒత్తేకి రాలేదు. ఎంగిలని తెలుసు. విత్తనం ఒలిచేకి రాని కోడల్ని ఎవురు పెట్టుకుంటారత్తా?"

సేరు పక్కన అట్లే కూలబడితి. ఇంట్లో దొంగ లేడు. మొరిగింది నేను, కరిసింది నేను.

"అత్తా!" అని బయటినుంచి పిలుపు. బోరన్న వచ్చినాడు. చేతిలో ఖాళీ సంచి, చెల్లెలి బట్టలు పెట్టుకొనేకి. లోపలికి వచ్చి నా పక్కన చేటలో పొట్టు చూసినాడు. వాడూ రైతే కదా, ఒక చిప్ప తీసి గాటు చూసి, చెల్లెలి మొగం చూసినాడు.

"విత్తనం ఎంగిలి చేసిందా, అత్తా?" అన్నాడు మెల్లగా. "అట్లైతే ఇంట్లో పెట్టుకో అని నోరెత్తి అడిగేకి నాకు మొగం లేదు. పిల్చుకొని పోతా. పా నాగీ."

నాగక్క గోడకున్న చీర తీసి మడతపెట్టబోయె. వేళ్ళు రాలేదు. తెల్లారి కదా. చీర జారి కింద పడె.

నేను లేచి మూడో మూట ఈడ్చుకొచ్చి, కట్టు విప్పి, ఇద్దరి మధ్యలో కూర్చుంటి. ఒక కాయ తీసి పండ్ల మధ్య పెట్టి కొరికితి. ముసలి పన్ను, ప్రాణం జిల్లుమనె. పప్పు చేతిలోకి ఉమ్మి, చీరతో తుడిచి, నాగక్క ఒలిచిన ముప్పై సేర్ల మీద ఏస్తి.

"అత్తా!" అని కేక పెట్టింది నాగక్క.

"కూర్చో బోరన్నా" అంటి. "మా ఇంట్లో ఈ ఏడు విత్తనం ఇట్లనే ఒలుస్తాము. నువ్వూ ఒక చెయ్యి వెయ్యి. సోమారం లోపల అయిపోవల్ల. నేనూ నాగక్కా మొదటి బస్సుకే పావగడకు పోవల్ల, ఆ పిల్ల జలజ కాచుకొని ఉంటాది."