కవరు విప్పని సంచిక

క్రేన్ల యార్డులో అతన్ని అందరూ బొమ్మల మేస్త్రి అనేవారు. ఎదురుగానే అనేవారు, అతనూ పలికేవాడు. ఏ క్రేను ఏ సందులో నిలబడాలో, బరువు ఎటు తిప్పాలో కాగితం మీద గీసివ్వడం అతని ఉద్యోగం. బొమ్మలు అతని పిచ్చి. ఇంట్లో ముందుగది గోడ నిండా అద్దాల బీరువాలు. వాటిలో టిప్పర్లు, బుల్డోజర్లు, రోడ్డు రోలర్లు, సిమెంటు కలిపే లారీలు, అన్నీ అసలు బండిలో యాభయ్యో వంతు. రబ్బరు టైర్లు బీరువా పలకకి అంటుకుపోతాయని ప్రతి బండి పొట్ట కిందా చిన్న చెక్కముక్క పెట్టి లేపి ఉంచేవాడు.

"నాకు కాళ్లు పీకుతున్నాయంటే వినిపించుకోడు గానీ, ఆ లారీలకి మాత్రం దిండ్లు పెడతాడమ్మా మా ఆయన" అని భార్య ఇరుగుపొరుగుకి చెప్పి నవ్వేది.

బొమ్మలతో పాటు పత్రికలు. ఇలాంటి బండ్లు సేకరించేవాళ్ల కోసం నెలనెలా వచ్చే పత్రిక ఒకటుంది. అతను ప్రతిసారీ రెండు కొనేవాడు. ఒకటి చదవడానికి, రెండోది ప్లాస్టిక్ కవరు విప్పకుండా దాచడానికి. కవరు చింపితే సంచిక ఎంగిలైపోయినట్టే అతనికి. రెండేళ్ల కిందట ఒక నెల దుకాణానికి ఒక్కటే వచ్చింది. చదవలేదు, దాచాడు. మరుసటి నెల సంచికలో, పాఠకుల ఉత్తరాల కింద, ఒక వాక్యం కనిపించింది: "నలభై టన్నుల క్రేను బొమ్మ గురించి అడిగినవారంతా పోయిన సంచికలో మేమిచ్చిన సవరణ చూడగలరు."

ఆ బొమ్మ అతని బీరువాలో ఉంది. ఆ క్రేను యార్డులో ఉంది, దాన్ని నడిపేది స్వయానా అతని బావమరిది. ఏం సవరణో చూద్దామని కత్తెర తీశాడు. కవరు తళతళా మెరుస్తోంది. చేతులు రాలేదు. ఏ రంగు గురించో అయ్యుంటుందిలే అనుకుని కత్తెర లోపల పెట్టేశాడు.

పోయిన వారం ఒక ఇరుకు సందులో మేడ మీదికి నీళ్ల ట్యాంకు ఎక్కించే పని వచ్చింది. క్రేను బరువెత్తే ముందు జాకీల్లాంటి నాలుగు ఇనుప కాళ్లు పక్కలకి చాపి నేలని తొక్కిపట్టాలి. అంత చోటు సందులో ఉందో లేదో తేల్చడానికి క్రేను కొలతల పుస్తకం చూడాలి. పుస్తకం క్రేనుతో పాటే ఇంకో పనికి వెళ్లింది. తెప్పించాలంటే ఒక పూట పడుతుంది. అతను సందుని యాభయ్యో వంతుకి గీసి, బొమ్మని తెచ్చి దాని మీద నిలబెట్టి, కాళ్లు బయటికి లాగాడు. గోడకీ కాలికీ మధ్య అగ్గిపుల్ల పట్టేంత ఖాళీ. చాలు. ఇదివరకూ ఎన్నోసార్లు ఇలాగే చూశాడు, ఎన్నడూ తేడా రాలేదు. యార్డు మేనేజరైతే వచ్చిన పెద్దమనుషులకి ఈ వింత చూపించి "మా మేస్త్రి బుర్రలో ఉన్నవన్నీ చక్రాలేనండీ" అని మురిసిపోయేవాడు.

మర్నాడు ఆ సందులోంచి బావమరిది ఫోను చేశాడు.

"బావా, కుడివైపు వెనక కాలు గోడకి తగిలేసింది. ఎర్ర గీత బయటికి రాలేదు."

కాలు పూర్తిగా వచ్చిందని తెలియడానికి ఆ ఇనుము మీద ఎర్రరంగు గీత ఉంటుంది. గీత కనబడితేనే లోపల గొళ్లెం పడ్డట్టు. పడకపోతే బరువు మీద పడగానే కాలు వెనక్కి జారిపోతుంది.

"వచ్చే ఉంటుందిరా. నేను కొలిచానుగా. రంగు రాలిపోయుంటుంది."

"రంగు రాలిందంటావా?"

"దాని పుట్టుమచ్చలతో సహా నాకు తెలుసురా. నువ్వెత్తు."

"సరే. నువ్వన్నాక ఇంకేముంది."

ట్యాంకు గాల్లో ఉండగా కాలు జారింది. గోడని కూల్చుకుంటూ క్రేను అటే పడింది. జనాన్ని ముందే దూరంగా పంపారు గనక బయట ఎవరికీ ఏమీ కాలేదు. క్యాబిన్లో ఉన్నవాడి కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.

నిన్న మధ్యాహ్నం ఆస్పత్రిలో బావమరిది కాలికి ఇనుప కడ్డీలు బిగించి ఉన్నాయి.

"నాకూ జాకీలు వేశారు బావా" అన్నాడు. "ఎర్ర గీత కనబడేదాకా చాపుతారట."

మేస్త్రికి నవ్వు రాలేదు. మంచం అంచున కూర్చున్నాడు.

"రేపు పదకొండింటికి కంపెనీ విచారణ ఆఫీసరు కాగితం పట్టుకుని ఇక్కడికే వస్తాడట. గీత చూసుకోకుండా ఎత్తానని సంతకం పెట్టేస్తా."

"లైసెన్సు పోతుందిరా. మళ్లీ నీకెవడూ క్రేను ఇవ్వడు."

"నీ ఉద్యోగమూ పోతే మా అక్క ఏం తింటుంది, నీ బొమ్మలా? ఫోను సంగతి దానికి చెప్పలేదు. నువ్వూ చెప్పకు." కాసేపు కిటికీ వైపు చూసి మళ్లీ తిరిగాడు. "ఒక్కటి మాత్రం చెప్పు బావా. రంగు నిజంగానే రాలిందా?"

"చూసి చెబుతా" అని లేచి వచ్చేశాడు.

ఇంటికి రాగానే చొక్కా కూడా మార్చకుండా అట్టపెట్టె దించి, ఆ సంచిక వెతికి, కత్తెరతో కవరు కోశాడు. వంటింట్లో తమ్ముడికి క్యారియర్ సర్దుతున్న భార్య చప్పుడు విని వచ్చింది.

"ఇదేంటండీ, దాన్ని కోసేశారు?"

అతను పేజీలు తిప్పాడు. ముప్ఫై ఒకటో పేజీలో చిన్న గడి. పెట్టెలో పట్టడం కోసం బొమ్మ కాళ్లని తయారీదారు కురచ చేశాడని, ఒక్కో వైపు నాలుగు మిల్లీమీటర్లు తక్కువని, గమనించమని. నాలుగుకి యాభై రెట్లు. జానెడు. అగ్గిపుల్ల ఖాళీ తీసేసినా బెత్తెడు తక్కువ.

"మీ తమ్ముడు గీత చూశాడే" అన్నాడు. "చూసి నాకు ఫోను చేశాడు. రంగు రాలిందని చెప్పి ఎత్తించింది నేను."

ఆమె చేతిలో క్యారియర్ మూత అలాగే ఉండిపోయింది.

"వాడు నాకు చెప్పలేదు."

"నన్నూ చెప్పొద్దన్నాడు."

"బాగుంది. ఇద్దరూ కలిసి నన్ను బాగానే కాపాడుతున్నారు." బీరువా తలుపు తెరిచింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ అద్దం తుడిచిందే గానీ లోపల చెయ్యి పెట్టలేదు. క్రేనుని నడుం దగ్గర పట్టుకుని తీసి అతని ఒళ్లో పెట్టింది. కింది చెక్కముక్క దొర్లి ఎటో పోయింది. "ఇదీ పట్టుకెళ్లండి. నోటితో చెబితే నమ్మరు."

"ఉద్యోగం పోతుందే."

"వాడు నా తమ్ముడండీ" అంది. వెళ్లి క్యారియర్ మూతలు బిగించుకుంది.

పొద్దున్న తొమ్మిదింటికే వెళ్లి ఆఫీసరు బల్ల మీద క్రేనుని, సంచికని పెట్టాడు. ఆఫీసరు సంచిక సంగతి పక్కనపెట్టి బొమ్మని చేతిలోకి తీసుకున్నాడు. ఎవరైనా అంతే, ముందు చక్రాలు తిప్పుతారు. కాగితాల మీద అటూ ఇటూ రెండుసార్లు నడిపి, కాళ్లు లాగి చూసి, ముచ్చటపడిపోయాడు.

"భలే ఉందయ్యా! అచ్చు గుద్దినట్టు అసలుదే."

"కాదండీ. కాళ్లు పొట్టివి. పొట్టివని రెండేళ్ల కిందటే అందులో రాశారు, నేను చదవలేదు. ఆ పిల్లాడు గీత రాలేదని ఫోను చేస్తే, రంగు రాలిందని నేనే అన్నాను. ఆస్పత్రికి పట్టుకెళ్లే కాగితంలో నా పేరు రాయండి."

ఆఫీసరు వేలు చక్రం మీదే ఆగిపోయింది. తర్వాత బొమ్మని పక్కకి నెట్టి, తెల్ల కాగితం తీసి, "మొదట్నుంచీ చెప్పు" అన్నాడు.

సంతకం పెట్టి వసారాలోకి వచ్చాక మేస్త్రి ఫోను తీశాడు. మొదటి మోతకే అవతల ఎత్తారు.

"చెప్పు బావా."

"రంగు రాలలేదురా."

అవతల ఎవరో నర్సు మాట్లాడుతోంది, మందుల బండి చక్రాలు కిర్రుమంటున్నాయి. బావమరిది ఫోను పెట్టేయలేదు. మేస్త్రి ఫోను చెవికి ఆనించుకుని వసారాలో అలాగే నిలబడ్డాడు.