కొరియా సినిమాకు వెళ్లిన ఆదివారం

రమ సంచి సర్దుకుని మంచం కిందికి తోసేసింది. రేపు పొద్దున రామకృష్ణాపూర్ నుంచి అన్న వస్తాడు. అతనితో పుట్టింటికి వెళ్లిపోతుంది, ఇక తిరిగి రాదు.

పెళ్లయిన ఈ కొన్ని నెలల్లో మొగిలి ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, తాగి ఇంటికి రాలేదు. అందుకే ఎవరికైనా చెప్పుకుందామన్నా ఆమెకు నోరు రాలేదు. ఆమె మొగుడు ఆమెతో మాట్లాడేటప్పుడు ఆమెను చూడడు, అంతే. తిన్నావా అని బీరువాను అడుగుతాడు. డ్యూటీకి పోయొస్తానని తలుపుకు చెబుతాడు. గోడ మీది క్యాలెండరుకు దక్కిన చూపుల్లో సగమైనా ఆమెకు దక్కలేదు. ఇష్టంలేని పిల్లను కట్టబెట్టారేమోనని మొదట్లో అతని మీద జాలిపడింది, తర్వాత ఏడ్చింది, ఇప్పుడు ఆ ఏడుపూ అయిపోయింది.

ఆ మధ్యాహ్నమే అతను కిటికీవైపు తిరిగి, గోదావరిఖని క్లబ్బులో ఏదో సినిమా పండుగట, టికెట్టు కొనక్కర్లేదట, పోదామా అన్నాడు. రమ సరేనంది. చీకట్లోనైతే ఎవరూ ఎవరి మొహం చూడనక్కర్లేదు కదా.

అది కొరియా సినిమా, గూండాల కథ. తెర నిండా వాన. ఎక్కడిదో పెద్ద ఊరు, ఎర్రదీపాలూ నీలిదీపాలూ తడిరోడ్డు మీద కరిగి పారుతున్నాయి. నల్లకోట్ల మనుషులు గొడుగుల్లేకుండా నడుస్తున్నారు. కత్తులు దూశారు, అయినా ఆ చప్పుడు చాలా దూరం నుంచి వస్తున్నట్టే ఉంది. ఫ్యాను గాలికి తెర మెల్లగా అలలు పోతుంటే, ఆ ఊరు మొత్తం గోదావరి అడుగున ఉందేమో అనిపించింది రమకు. తానూ ఆ నీళ్లలోనే కూర్చుంది. అన్న, సంచి, రేపటి బస్సు ఎక్కడో ఒడ్డున ఉండిపోయాయి.

గూండాల పెద్ద, తాను చేరదీసి పెంచిన కుర్రవాడికి చిన్న గ్లాసులో సారా పోశాడు. కుర్రవాడు రెండు చేతులా అందుకుని, మొహం పూర్తిగా పక్కకు తిప్పి తాగాడు.

మొగిలి ఆమె వైపు వంగాడు. "గా పోరని నెత్తిమీద లైటు లేకపాయె. మరి మొఖమెందుకు తిప్పుతుండు?"

రమకు అర్థం కాలేదు. లైటేందని అడిగింది.

అతను తెరను చూస్తూనే చెప్పాడు. తాను పనిచేసే బొగ్గుబాయిలో టోపీకి లైటుంటుంది. ఎదుటివాడిని సూటిగా చూస్తే అది వాడి కళ్లలో పడి కాసేపు ఏమీ కనిపించదు, అడుగు తప్పితే పడతాడు. అందుకని అక్కడ అందరూ పక్కకు తిరిగే మాట్లాడుకుంటారు. బాయిలో దిగిన మొదటి రోజే, అక్కడ పాతకాపు పోశం కాక ఈ సంగతి నేర్పాడట. "మన మనిషి అనుకుంటె, వాని కండ్లల్ల లైటు కొట్టొద్దు అన్నడు."

పెద్దల ముందు అలా తాగడం అక్కడి మర్యాదని వెనక వరుసలో ఎవరో చెబుతున్నారు. రమ చెవికి అది ఎక్కలేదు. బీరువా, తలుపు, క్యాలెండరు ఒక్కొక్కటే ఆమె కళ్ల ముందుకు వచ్చాయి.

"ఇంట్ల నీ నెత్తికి లైటుంటదా?"

మొగిలి ముందు కుర్చీని అడిగాడు. "ఇంట్ల గూడ గట్లనే చేస్తున్ననా?"

పాపం, అతనికి నిజంగానే తెలియదు. రమకు కోపమూ నవ్వూ కలిసే వచ్చాయి. గడ్డం పట్టుకుని అతని మొహాన్ని తనవైపు తిప్పుకుంది.

"ఇటు జూడు."

తెర మీది వాన వెలుగు ఇద్దరి మీదా కదులుతోంది. కళ్లలో లైటు పడ్డవాడిలా అతను రెప్పలు కొట్టుకున్నాడు. ఎంత కడిగినా పోని బొగ్గు ఆ రెప్పల అంచున కాటుకలా ఉంది. ఇన్నాళ్లూ ఆమె అదీ చూడలేదు. అతను అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"నీ ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉన్నది," అన్నాడు ఆశ్చర్యంగా.

రమ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తెర మీద ఎవరో ఎవరినో పొడిచారు. ఆమె పట్టించుకోలేదు.

"రేపు మా అన్న వస్తుండు," అంది. "ఇంటికి పోయేటప్పుడు కోడికూర తీసుకపోదాం, తినిపిచ్చి పంపుదాం."