కంబళి ఉన్నంతసేపు

మా ఆసుపత్రిలో ఆ గది నేను పోట్లాడి సాధించింది. అంతకుముందు బతుకు మీద విరక్తి పుట్టి వచ్చిన పిల్లలను, బైకు మీద నుంచి పడ్డవాళ్ల పక్కన పడుకోబెట్టేవారు. దారిన పోయే ప్రతివాడూ తొంగిచూసి "ఏమైందప్పా? లవ్ ఫెయిలా?" అని అడిగేవాడు. ఆ తర్వాత చీటీ రాసిచ్చి అనంతపురం పెద్దాసుపత్రికి పొమ్మనేవారు. సగంమంది బస్టాండు దాకా పోయి, అట్నుంచి అటే ఇంటికి వెళ్లిపోయేవారు. ఏమయ్యారో ఎవరికీ పట్టేది కాదు. మీటింగుల్లో ఈ మాట ఎత్తితే పెద్దసారు టీ తాగుతూ తల ఊపేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఊది ఊది నా గొంతు పోయాక, పాత స్టోర్‌రూము ఖాళీ చేసి ఇచ్చారు.

సున్నం కొట్టించి, ఒక మంచం, ఒక ఫ్యాను, లోపలి గడియ తీసేసిన తలుపు పెట్టించాను. కౌన్సెలర్ సువర్ణ, ఇన్‌ఛార్జి కూడా సువర్ణే, అంటే నేనే. ఊడ్చి తుడిచేది మాత్రం కదిరమ్మ. బెంగళూరు ట్రైనింగులో నేర్పినట్టు, పిల్ల రాగానే "నీవాళ్లు అనిపించేది ఎవరు?" అని అడగడం, ఆ మనిషిని పక్కనే ఉంచడం మా గది పద్ధతి.

మల్లీశ్వరి అట్లా వచ్చిన పిల్లే. మడకశిర దగ్గర పల్లె. తల్లి లేదు. హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. "నాకు బతకాలని లేదే" అని పక్క మంచం పిల్లతో అంటే, ఆ పిల్ల తెలివిగా వార్డెన్‌కు చెప్పింది. తండ్రి లింగప్ప గొర్రెలు మేపుకునే మనిషి. ఫోను అందగానే భుజాన కంబళితో హాస్టలుకు వచ్చి, బిడ్డను బస్సెక్కించుకుని నేరుగా మా దగ్గరికి తెచ్చాడు.

"నీవాళ్లెవరు?" అని అడిగితే ఆ పిల్ల "నాయన" అంది. ఆ రోజంతా ఆమె నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే. డాక్టరు చూసి, మొదటి రోజులే గండం, ఒంటరిగా వదలొద్దు అన్నాడు. తండ్రి ఉన్నాడుగా, సగం పని అయినట్టే అనుకున్నాను.

తెల్లారి వచ్చి చూస్తే తండ్రి లేడు. పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది. కదిరమ్మ కాపలాగా కూర్చుని ఉంది.

"పిల్లను చూస్తాండమ్మా అని నాకు చెప్పి పోయినాడు మేడమ్. పిల్ల మేల్కొనే ఉండె. దానికి మాత్రం ఒక్క మాట చెప్పలే."

మల్లీశ్వరి గోడతోనే మాట్లాడింది. "ఇడ్సిపెట్టి పోయినాడు. నేను ఆయనకు బరువే మేడమ్. నాకు తెలుసు."

లింగప్ప ఫోను కలవలేదు. ఆ పిల్ల అన్నం ముట్టలేదు, కన్ను మూయలేదు. నాకు తండ్రి మీద కోపం, పిల్ల గురించి భయం. ఆ రోజు నేను ఇంటికి పోలేదు. పోయినా ఎదురుచూసేవాళ్లెవరు? అమ్మ పోయాక నా అద్దె గదిలో నన్ను పలకరించేది ప్రెషర్ కుక్కరు ఒక్కటే.

మర్నాడు మధ్యాహ్నం బస్సుకు లింగప్ప దిగాడు. చేతిలో జొన్నరొట్టెల మూట. వరండాలోనే పట్టుకున్నాను.

"ఏమప్పా, నీకు గొర్రెలెక్కువా, బిడ్డెక్కువా?"

"మందను మా పక్కింటి తిప్పేష్ కాడ ఇడ్సి వచ్చింటి మేడమ్. వానికి జరమొచ్చిందంట. గొర్రెల్ని దొడ్లోకి తోలి, మా చిన్నాయనకు ఈ పొద్దుకు అప్పజెప్పి వచ్చినా."

"ఆ మాట బిడ్డకు చెప్పి పోతే ముత్యాలు రాలిపోతాయా?"

లింగప్ప రొట్టెల మూట బెంచీ మీద పెట్టాడు.

"ఆస్పత్రిలో పోయొస్తానని అంటారా తల్లీ ఎవరైనా? అంటే మళ్లీ రావాల్సొస్తాది. దాని అమ్మ ఆస్పత్రిలో పండుకున్నప్పుడు రోజూ పోయొస్తా, పోయొస్తా అనేవాణ్ణి. వచ్చినా, వచ్చినా. కడాకు ఎత్తుకొని పోయినా. ఈ పిల్ల కాడ ఆ మాట అనకూడదనుకున్యా."

ఆసుపత్రిలో, చావు ఇంట్లో చెప్పకుండా లేచిపోవాలని మా అమ్మ నాకూ నేర్పింది. బెంగళూరు పోయి వచ్చి మరిచిపోయాను.

తలుపు తెరిచే ఉంది. మల్లీశ్వరి అంతా వింది. మంచం మీద లేచి కూర్చుని "నాయనా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు వింటే నా ప్రాణం కుదుటపడింది. సాయంత్రానికి అర రొట్టె తిన్నది.

చీకటి పడకముందే లింగప్ప మళ్లీ మంద దగ్గరికి పోవాలి. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెప్పలేడు, చెప్పకుండా పోలేడు. చివరికి భుజాన ఉన్న కంబళి తీసి కూతురి కాళ్ల మీద కప్పాడు.

"ఇది ఈడుండాది. ఇది లేకుండా నేను ఎన్ని దినాలుంటా పాపా?"

కంబళి లేని గొర్రెల కాపరి ఎండకూ వానకూ ఆగలేడని ఆ పిల్లకు తెలుసు. దాన్ని మెడ దాకా లాక్కుని నిద్రపోయింది.

అప్పటి నుంచి అది మా గది పద్ధతి అయింది. బయటికి పోయేవాళ్లు తమది ఏదైనా పిల్లల దగ్గర వదిలి పోవాలి. ఒకామె చేతిసంచి వదిలింది, ఒకాయన కళ్లజోడు. మీటింగులో చెబితే పెద్దసారు నవ్వారు. "ఇది కూడా ఇంప్రూవ్‌మెంటేనా?" "ఫ్యాను కంటే బాగా పనిచేస్తోంది సార్" అన్నాను. ఆయన టీ తాగారు.

మల్లీశ్వరి మెల్లగా మాటల్లో పడింది. మందులు వాళ్ల ఊరి దగ్గరే ఇచ్చేటట్టు, వారం వారం నేను ఫోను చేసేటట్టు ఏర్పాటు చేసి పంపించాను. ఆ రోజు లింగప్ప కంబళి మడిచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటాక పిల్ల నా వైపు తిరిగి ఏదో అనబోయింది. తండ్రి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. పిల్ల నోరు మూసుకుంది. ఇద్దరూ చెప్పకుండానే పోయారు.

నేను గదిలోకి వచ్చి దిండు ఎత్తి చూశాను. వంగి మంచం కింద కూడా చూశాను. ఏమీ వదల్లేదు, అంటే మళ్లీ రారు. ఇట్లా పోవాలనే కదా ఇంత పోట్లాడింది. సంతోషపడ్డాను. ఆ సంతోషంలోనే ఖాళీ మంచం మీద కూర్చుని, ఎవరూ లేనిదానిలా ఏడ్చాను.

కదిరమ్మ చీపురుతో వచ్చింది. "ఏమన్నా మర్సిపోయినారా మేడమ్ వాళ్లు?"

"ఏమీ లేదు కదిరమ్మా. ఊడ్చు."