కోరం వదిన

కోటేశ్వరి తాలు కాయలు ఏరుతుండగా దుర్గాప్రసాద్ కల్లంలోకి వచ్చి, "మొహం కడుక్కో. బడికాడ కోరం తగ్గింది" అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు. ఎండిన మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలు కాయల్ని ఏరి పక్కకు వేయడం పొద్దున ఆరింటి నుంచీ చేస్తున్న పని. కూలీ మనిషి చేస్తే అది పని. ఇంటి మనిషి చేస్తే దానికి పేరుండదు. "మా ఆవిడ ఇంట్లోనే ఉంటది" అంటాడు దుర్గాప్రసాద్, ఎవరైనా అడిగితే.

"ఏం తీర్మానం?" అంది.

"నీకెందుకే అయ్యన్నీ? కూర్చో, సంతకం పెట్టు, రా. ముందు చీర మార్చుకో. ఆ ఘాటుతో పోతే వాళ్ళు తుమ్మి చస్తారు."

పిల్లల తల్లిదండ్రులు ఐదుగురితో బడికి విద్యా కమిటీ ఏర్పడి రెండేళ్ళయింది. ఇద్దరు ఆడవాళ్ళు ఉండి తీరాలన్నారు కనుక దుర్గాప్రసాద్ పెళ్ళాం పేరు రాయించాడు. ఛైర్మన్ అతని బాబాయి కొడుకు వెంకటనారాయణ. ముగ్గురైనా లేకపోతే మీటింగు చెల్లదు. ఆ ముగ్గురి లెక్కనే కోరం అంటారని కోటేశ్వరికి మొదట్లో ఎవరూ చెప్పలేదు.

ఆమె దాన్ని తెలుగు మాట అనుకుంది. మొదటి మీటింగులో మాస్టారు పుస్తకంలో "కోరం" అని రాసి, దాని కింద అందరి చేతా సంతకాలు పెట్టించాడు. మేమేమీ కోరం, ఏమీ అడగం అని ఒప్పుకుంటున్నాం కాబోలనుకుని ఆమె కూడా పెట్టింది. అందులో ఆమెకు వింతేమీ కనిపించలేదు. తను ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనే అత్త మాణిక్యమ్మ ఊరంతా వినేట్టు, "మా కోడలు బంగారం, నోరు తెరిచి ఇది కావాలని అడిగి ఎరగదు" అని మెచ్చుకుంది. ఆ మెప్పు పోగొట్టుకోకూడదని పదమూడేళ్ళు చెప్పు తెగినా అడగలేదు, జ్వరమొచ్చినా మాత్ర అడగలేదు. ఇంట్లో ఉన్న కట్టుబాటే ప్రభుత్వం వాళ్ళూ పెట్టారనుకుంది. బడికి మరుగుదొడ్డి లేదు. ఆడపిల్లలు వెనకాల కంపచెట్లలోకి పోతారు. కూతురు హారిక పొద్దున బడికి వెళ్ళేటప్పుడు మంచినీళ్ళు తాగడం మానేసింది. ఆ సంగతి తెలిసీ, సంతకం పెట్టిందాన్ని కదా అని ఏడాదిన్నర నోరు మూసుకుంది. చివరికి ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "కోరం అని రాసిచ్చాక కూడా మరుగుదొడ్డి అడగొచ్చా?" అంది మొగుడితో. అతనికి నవ్వుతో పొలమారింది. సాయంత్రానికి ఊరంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె పేరు కోరం వదిన. నవ్వినవాళ్ళలో ఒక్కడు కూడా మరుగుదొడ్డి మాట ఎత్తలేదు.

మామూలుగా ఆమె మీటింగుకి వెళ్ళదు. పుస్తకమే ఇంటికి వస్తుంది. పొయ్యి ముందు తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, చూపించిన చోట సంతకం పెడుతుంది. ఈసారి మాత్రం హెడ్మాస్టరు ఖాదర్ వలి ఒప్పుకోలేదట. మనిషి ఎదురుగా లేకుండా సంతకం తీసుకుంటే తన ఉద్యోగం పోతుందన్నాడట. మిగిలిన ఇద్దరు సభ్యుల్లో సంతోషకుమారి పెద్దకూతురి కాన్పుకి దర్శి వెళ్ళింది. నాగూర్ వలి కాయలు వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్ళాడు. అందుకని కోటేశ్వరి కావలసి వచ్చింది.

బడిలో బల్లకు ఆ పక్క వెంకటనారాయణ, అతని పాలేరు బుల్లయ్య కూర్చున్నారు. బుల్లయ్య కూడా సభ్యుడే.

"రా కోరం వదినా! నీకోసమే ఆగింది ప్రభుత్వం" అన్నాడు వెంకటనారాయణ.

మాస్టారు తీర్మానం చదివాడు. హాజరు తక్కువగా ఉన్నందున ఆరు, ఏడు తరగతులను పక్క ఊరి బడిలో కలపాలి. పక్క ఊరు అయిదు కిలోమీటర్లు. బస్సు లేదు. హారిక ఇప్పుడు ఆరు చదువుతోంది. "అంత దూరం ఆడపిల్లనెవడు పంపుతాడు? కోతలకి మనిషి దొరకట్లా" అని దుర్గాప్రసాద్ నాలుగు రోజులుగా ఎందుకంటున్నాడో ఆమెకప్పుడు అర్థమైంది.

"ఖాళీ అయిన గదులేం చేస్తారు?" అంది.

"పాడుబెడతామా ఏంది? వచ్చే సీజనుకి టిక్కీలు పెట్టుకుంటాం. నావేగాదు వదినా, అన్నయ్య టిక్కీలు కూడా."

మిరపకాయల బస్తాలకు చోటు కావాలి. అందుకు పిల్ల లేవాలి.

"నేను ఒప్పుకోను" అంది కోటేశ్వరి. గొంతు పీలగా వచ్చింది. అయినా వచ్చింది.

బుల్లయ్య నేల చూశాడు. వెంకటనారాయణ నవ్వాడు. "ఒప్పుకోవద్దులే. నిన్నెవరు ఒప్పుకోమన్నారు? మాస్టారూ, రాసుకోండి, ఇద్దరు అవును, ఒకరు కాదు. ఇద్దరిదే నెగ్గుద్ది. నువ్వు కాదన్నట్టే రాయిస్తా వదినా, నాకేం! కుర్చీలో కూర్చుంటే చాలు."

అవునంటే వాళ్ళకు పనికొస్తుందని ఆమెకు తెలుసు. కాదన్నా వాళ్ళకే పనికొస్తోంది. ఏమన్నదన్నది ఎవరికీ అక్కరలేదు, మనిషి అక్కడ ఉండటం కావాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ తనకు జరిగింది ఇదే. పేరంటంలో పెద్దకోడలి పీట ఖాళీగా ఉండకూడదని కూర్చోబెట్టారు. మొగుడు ఇంటికొచ్చేసరికి గడపలో మనిషి ఉండాలి కనుక నిలబడింది. పొలం అమ్మిన రోజు మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉంది. ఆ పొలం ఆమె తండ్రి ఇచ్చింది. "ఏమ్మా, నీకు ఇష్టమేగా?" అని కొనేవాడు మాటవరసకు అడిగితే, దుర్గాప్రసాద్ "ఎదురుగానే ఉందిగా" అన్నాడు. ఉందిగా అంటే ఇష్టమే. ఏడ్చినా ఉన్నట్టే, తిట్టినా ఉన్నట్టే. ఆమె ఉండటాన్ని తీసుకుని వాళ్ళు తమకు కావలసింది రాసుకున్నారు. మాట మార్చి లాభం లేదు. కుర్చీ ఒక్కటే ఆమె చేతిలో ఉంది.

"మాస్టారూ, ఇప్పుడు నేను లేచి వెళ్తే?"

ఖాదర్ వలి ఆమె వైపు చూశాడు. బదిలీకి భయపడే మనిషి. సొరుగులోంచి చిన్న పుస్తకం తీసి, పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు నెమ్మదిగా చదివాడు. "'ఓటు తీసుకొను సమయమునకు కోరం లేనిచో అర గంట వేచి చూసి సమావేశమును రద్దు చేయవలెను. మరల సమావేశమునకు మూడు రోజుల ముందు నోటీసు ఇవ్వవలెను.'" పుస్తకం మూశాడు. అడగని ముక్క కూడా చెప్పాడు. "కలిపే తరగతుల జాబితా రేపటికల్లా మండలాఫీసుకు చేరాలమ్మా. చేరకపోతే వచ్చే ఏడాదికి ఇక్కడి తరగతులు ఇక్కడే."

ఆమె లేచింది.

"వదినా, తమాషాలు చెయ్యమాక! అన్నయ్యకి కబురు పెడతా!"

గోడ గడియారంలో మూడుంబావు. ఆమె బయటికి నడిచింది.

అర గంట ఎక్కడో ఒకచోట ఉండాలి. ఇంటికి వెళ్తే మొగుడు రెక్క పట్టుకుని తీసుకొస్తాడు. బజారులో ఒక్కో గుమ్మం చూసుకుంటూ వెళ్ళింది. ఇది పెద్దమామగారి ఇల్లు. ఇది ఆడబిడ్డది. ఇది మొగుడి స్నేహితుడిది. ఏ అరుగు మీద కూర్చున్నా, "ఏం కోటేశ్వరీ, ఇట్టా వచ్చావు? మీ ఆయనకు తెలుసా?" అని అడుగుతారు, వెంటనే కబురు పంపుతారు. పదమూడేళ్ళు ఈ ఊళ్ళో బతికింది. నీళ్ళు మోసింది, పురుళ్ళు పోసింది, చావులకు వండింది. కారణం చెప్పకుండా అర గంట కూర్చోగలిగిన గుమ్మం ఒక్కటి లేదు. ఊరు అయిపోయింది. దర్శి రోడ్డు మీద బస్సు షెల్టరు కనబడితే అందులో కూర్చుంది. ఎవరూ లేరు. ఎండ, పత్తికట్టె తగలబెట్టిన పొగ. మూడున్నర బస్సు ఆగి, ఆమె ఎక్కకపోయేసరికి వెళ్ళిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏ పనీ లేకుండా కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. భయమేసింది. అయినా కూర్చుంది.

దుర్గాప్రసాద్ మోపెడ్ మీద వచ్చాడు. ఊరంతా వెతికినట్టున్నాడు, చొక్కా తడిసిపోయింది.

"ఏందే ఈ నిర్వాకం? ఎక్కు. అర గంటలోపు నిన్ను తెమ్మన్నారు. ఆడ ముగ్గురూ నీకోసం కాసుకుని కూర్చున్నారు."

ఆమె కోసం ఎవరైనా కాసుకుని కూర్చోవడం ఆమెకు తెలిసి ఇదే మొదలు.

"టైమెంతయింది?" అంది.

అతను అలవాటుగా గడియారం చూశాడు. "నాలుగవుతంది. ఎందుకు?"

అతను మళ్ళీ గడియారం చూశాడు. ఈసారి మొహం మారింది. మీదకు వచ్చాడు.

"ఏందే, నువ్వు లేకపోతే ఆడ పని ఆగిపోద్దని..."

రోజూ అనే మాటే. ఈసారి సగంలో ఆగిపోయాడు.