ఏర్పాట్ల మనిషి

శుక్రవారం మీటింగు అయిపోయాక అందరూ గ్రూపు ఫొటోకని మెట్ల దగ్గరికి వెళ్ళారు. నేను కప్పులు కడుగుతూ ఉండిపోయాను. ఫొటో తీయడానికి ఎలాగూ నన్నే పిలుస్తారు.

భూమి మీద మొదటి ప్రాణం ఎలా పుట్టిందని వెతికే కుర్రకారు మా సంస్థలో తలో మూలా ఉండేవాళ్ళు. కెమిస్ట్రీ వాళ్ళకి జియాలజీ అంటే చిన్నచూపు. జియాలజీ వాళ్ళకి మా బయాలజీ అంటే ఒళ్ళుమంట. అందరివీ ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగాలే, అయినా ఒకరి మొహం ఒకరు చూసేవారు కాదు. బతిమాలి, బుజ్జగించి వాళ్ళని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టింది నేను. ఒకరి మాట ఇంకొకరికి ఎక్కేలా చెప్పీ చెప్పీ నా గొంతు పోయేది. ఇంటికొస్తే, ఇక్కడ వంట ఎగ్గొట్టి అక్కడ టీలు పోస్తున్నావా అనేవాడు మా ఆయన. అత్తగారిది ఇంకో పాట. ఎప్పుడో పుట్టిన ప్రాణం గొడవ నీకెందుకు, ముందు మా ఇంట్లో ఒక నలుసు పుట్టే దారి చూడు అని వచ్చినవాళ్ళ ముందల్లా అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళు నేనూ సిగ్గులేకుండా నవ్వాను.

ఆ బల్ల దగ్గరే నాకు ఆలోచన తట్టింది. తొలినాటి భూమ్మీద ఉండేవని జియాలజీ అమ్మాయి చెప్పిన ఎండి తడిసే గుంటల్లాగే, కెమిస్ట్రీ వాళ్ళ గాజుపాత్రలోని ద్రావణాన్ని మళ్ళీ మళ్ళీ ఎండబెట్టి తడిపాను. విడివిడిగా ఉన్న అణువులు గొలుసులుగా అతుక్కున్నాయి. అది చూసి మా బృందాన్ని పెద్ద కేంద్రం చేస్తామన్నారు పైవాళ్ళు. దానికి నాయకుడు మాత్రం అందరికన్నా చివర్లో చేరిన కెమిస్ట్రీ అబ్బాయి. మా సంస్థ హెడ్డు నన్ను పిలిచి ఎంతో ప్రేమగా చెప్పాడు.

"నువ్వు అందర్నీ కలుపుకుపోతావమ్మా. ఏర్పాట్లు నువ్వు చూసుకో."

ఆ ప్రేమకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నిధులిచ్చేవాళ్ళు వచ్చిన రోజు తెర మీద నా ప్రయోగం, కింద అతని పేరు. ముందు వరసలోని పెద్దావిడ అడిగింది, గుంట మళ్ళీ తడిసినప్పుడు ఆ గొలుసులు ఊడిపోవా అని. అతను జియాలజీ అమ్మాయి వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. నేను గోడవార నిలబడి ఉన్నాను. ఎప్పటిలా మాట అందుకుంటానని అందరూ చూస్తున్నారు. ఈ కేంద్రం రాకపోతే వీళ్ళ ఉద్యోగాలన్నీ పోతాయి, నాదీ పోతుంది. అది తెలిసే, ఈసారి అడిగేదాకా ఆగాను.

"చెప్పమ్మా" అన్నాడు హెడ్డు.

"అది నా ప్రయోగమండీ. తెర మీద నా పేరు వేయించండి, చెప్తాను."

ముందు వరసలో ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నాను. హెడ్డు మొహం మాడిపోయింది. పెద్దావిడ మాత్రం కళ్ళజోడు సరిచేసుకుని తెర వైపే చూస్తోంది. కెమిస్ట్రీ అబ్బాయి కంప్యూటర్ మీదికి వంగి తన పేరు చెరిపాడు. ఆ తర్వాత అతని వేళ్ళు కదల్లేదు. ఏడాదిగా నా పక్కనే కూర్చుంటున్నవాడు, మైకు ఆపడం మరిచిపోయి అడిగాడు.

"అక్కా, మీ పూర్తి పేరేంటి?"