మూలకు పసుపు

పసుపు పండే జిల్లాలో కొత్త బట్ట కట్టుకునే ముందు దాని మూలకు చిటికెడు పసుపు అంటించని ఇల్లు తక్కువ. ఎందుకని ఎవరూ అడగరు. అంటించకపోతే మాత్రం ఇంట్లో అవ్వలు ఊరుకోరు.

బోధన్ పక్కన, నిజాంసాగర్ కాలువ చివరన ఉన్న ఒక ఊరి బడిలో గంగమణి మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆగస్టు పద్నాలుగున ప్రధానోపాధ్యాయుడు రామ్‌దాస్ ఆమెకు కొత్త ఖద్దరు జెండా ఇచ్చి, ఇస్త్రీ చేసి తెమ్మన్నాడు. గంగమణి దానిని పసిబిడ్డను మోసినట్టు ఇంటికి మోసుకెళ్ళింది. ఒక్క ముడత లేకుండా ఇస్త్రీ చేసింది. మడత పెట్టబోతూ, చేతి అలవాటు కొద్దీ, ఆకుపచ్చ పట్టీ మూలకు ఇంత పసుపు అంటించింది. కొత్త బట్ట కదా అనుకుంది, అంతే.

మరునాడు జెండా ఎగిరింది. పిల్లలు పాడారు, మిఠాయి పంచారు. ఊరంతా అక్కడే ఉంది కనుక నాలుగు మంచి మాటలు చెప్పమని రామ్‌దాస్ పెద్దలను కోరాడు. పెద్దలు చెప్పే మంచి మాటలు ఏమిటో మనకు తెలియనివి కావు. అవన్నీ అయ్యాక గంగమణి లేచి నిలబడింది.

"సార్, నాదొక ముచ్చట. కాలువ నీళ్ళు రాక కింది చెరుకంత ఎండుతున్నది. మీద మోటర్లు పెట్టి గుంజుకుంటున్నరు. ఆ మోటర్లు ఎవ్వరియో అందరికి ఎరుకే. ఇంజనీర్ సార్లకే ఎందుకు కనిపిస్తలేవు?"

ఆ మోటార్ల యజమాని కాశయ్య ముందు వరుసలోనే కూర్చున్నాడు. మెల్లగా ఫోను తీసి, జెండాను ఫొటో కొట్టి, పెద్దది చేసి చూసుకున్నాడు. మూలన పసుపు మచ్చ కనిపించింది. జెండా ఇస్త్రీ చేసింది ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు.

సాయంత్రానికి ఆ ఫొటో ఊరి ఫోను గ్రూపులోంచి బోధన్ దాకా పాకింది. 'జాతీయ జెండాకు ఘోర అవమానం, వంటమనిషి దేశద్రోహం' అని దాని కింద కాశయ్య రాత. మరునాడు కాశయ్య ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాడు. విచారణ తేలేదాకా వంటకు రావద్దని బడి కమిటీ గంగమణికి చెప్పింది. నిన్నటి వరకు వాకిట్లో కూర్చుని ముచ్చట్లాడిన ఆడవాళ్ళు ఆ దారినే రావడం మానేశారు.

మూడో రోజు కాశయ్య ఆమె ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. "సూడు గంగమణీ, కాలువ ముచ్చట అబద్ధమని గ్రామసభల చెప్పు. నేను కాయితం వాపస్ తీసుకుంట. లేకుంటే జెండా కేసు. మూడేండ్లు జైల్ల ఉంటవ్."

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. జెండా మీద అంత భక్తి ఉన్నవాడు దాని గౌరవాన్ని కాలువ నీళ్ళకు బేరం పెడతాడా? నాకైతే ఒళ్ళు మండిపోతుంది.

గంగమణి భర్త పోశన్న బెదిరిపోయాడు. "ఒప్పుకుందాం. నీళ్ళు రాకుంటే రాకపాయె. కేసుల సుట్టు ఎవ్వడు తిరుగుతడు?"

"మొక్కుకుంట ఇస్త్రీ చేసిన ఆ జెండను," అంది గంగమణి. "నీళ్ళ ముచ్చట నిజం. నిజాన్ని అబద్ధమని ఎట్ల చెప్పాలె?"

ఇద్దరూ నిజామాబాద్ బస్సెక్కారు. అక్కడ కంఠేశ్వర్‌లో ఉండే వకీలు భాగ్యలక్ష్మి వాళ్ళు చెప్పిందంతా విన్నది. ఆమె పుట్టిల్లు అదే జిల్లాలోని నవీపేట్; పసుపు ముచ్చట ఆమెకు విడమరచి చెప్పనక్కరలేదు.

"అక్కా, ముందు నీ తప్పు చెప్త. జెండా మీద ఏ మచ్చా, ఏ రాతా ఉండొద్దు. అది నీ ఒక్క ఇంటి బట్ట కాదు."

గంగమణి తల ఊపింది. "నిజమే మేడం. నాతోని వండే ఆమె నమాజ్ చదువుతది. ఆమెది గూడ గదే జెండ. నాకు ఆ సోయి లేకపాయె."

"ఇగ రెండోది. చట్టం శిక్ష వేసేది కావాలని చేసిన అవమానానికి. తెల్వక చేసినదానికి కాదు, అడిగినందుకు అసలే కాదు. సర్కారు పని బాగలేదు, మార్చుమని పద్ధతి ప్రకారం విమర్శించుడు నేరం కాదని ఆ చట్టంలనే ఉన్నది. కాశయ్య రెంటికి కలిపి ముడేసిండు. నువ్వు ముడి విప్పు. తప్పు ఒప్పుకో. ప్రశ్న మాత్రం వాపస్ తీసుకోకు."

ఠాణాలో ఎస్సై వేణు ఇరుపక్షాలను ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. గెలుపు ఖాయమనుకున్న కాశయ్య కొత్త తెల్ల అంగీ తొడుక్కుని వచ్చాడు.

"జెండాకు పసుపు ఎందుకు పెట్టినవమ్మా?"

"కొత్త బట్టకు పెట్టుడు అలవాటు సార్. జెండకు పెట్టొద్దని తెల్వక పెట్టిన. తప్పే. నలుగురి ముందట ఒప్పుకుంట."

"అబద్ధం సార్," అంటూ కాశయ్య విసురుగా లేచాడు. ఎస్సై చూపు అతని అంగీ అంచు మీద ఆగింది.

"కాశయ్యా, నీ అంగీ మూలకు ఏంది ఆ పచ్చటిది?"

"మా ఇంటామె పెట్టింది సార్, కొత్త అంగి కదా..."

మాట బయటపడ్డాక గానీ అతనికి అర్థం కాలేదు. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

"మరి మీ ఇంటామె నిన్ను అవమానించిందని కేసు రాయమంటవా?" అన్నాడు ఎస్సై. వెంటనే ఆయన ముఖం గంభీరమైంది. "ఈమె అంతా చెప్పింది. కాలువ మాట వాపస్ తీసుకుంటే ఫిర్యాదు వాపస్ తీసుకుంటనన్నవట. జెండా ఏమన్న నీ మోటర్లకు కావలి కుక్కనా? దీంట్ల అవమానం లేదు, కేసు లేదు. ఇంకొకటి విను. ఆమె ప్రశ్న అడుగుడు స్వేచ్ఛ. నువ్వు దేశద్రోహమని రాసింది స్వేచ్ఛ కాదు, అబద్ధం. ఏ గ్రూపుల పెట్టినవో ఆ గ్రూపులనే మాఫీ అడుగు."

కాశయ్య అక్కడే, అందరూ చూస్తుండగా, క్షమాపణ టైపు చేశాడు.

తర్వాతి గ్రామసభలో గంగమణి ముందుగా తన తప్పు తానే చెప్పింది. ఆ వెంటనే కాలువ ప్రశ్న మళ్ళీ అడిగింది. ఈసారి ఆమె వెనక నలభై మంది ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఇంజనీరు కాలువ గట్టు మీద నడవక తప్పలేదు. నాలుగో రోజు మోటార్లను పీకించారు. ఆరో రోజు ఉదయం నీళ్ళు చివరి మడి తాకాయి. పోశన్న చెరుకులో మోకాళ్ళ దాకా తడిసి, చిన్న పిల్లవాడిలా కేక పెట్టాడు.

గంగమణి తిరిగి వంటకు వచ్చిన రోజు ప్రార్థనలో రామ్‌దాస్ ఆమెను ముందుకు పిలిచి, పిల్లలకు ఒక మాట చెప్పమన్నాడు. ఆమె కొంగు సరిచేసుకుని నిలబడింది.

"బిడ్డలారా, జెండకు మర్యాద ఇయ్యాలె. నేను తప్పు చేసిన, ఒప్పుకున్న. గని మా నీళ్ళు ఏవని అడుగుడు జెండకు అవమానం కాదు. అడిగెటోళ్ళ నోరు మూయనీకె జెండను అడ్డం పెట్టుకుంటరు సూడుండ్రి, అవమానమంటే గది."