పసుపు దంచకముందు గండికోట

కూతురు ఫోన్లో చూపించిన కొండ ఎర్రగా, ఎవరో బండలు పేర్చి పేర్చి విసుగొచ్చి వదిలేసిన గోడలాగా ఉంది. దానికి ఎదురుగా అట్లాంటిదే ఇంకో గోడ. రెండిటి మధ్యలో, శానా లోతున, పెన్న నీళ్లు పచ్చగా నిలబడి ఉన్నాయి. ఇంట్లో చూసినవాళ్లంతా ఎంత బాగుందో అన్నారు. నాగరత్నమ్మ కొండనూ చూడలేదు, నీళ్లనూ చూడలేదు. అంచున చేతులు చాపుకొని నిలబడిన ఎవరో అమ్మాయి చీర కుచ్చెళ్లు గాలికి ఎటు లేస్తున్నాయో, అది మాత్రం చూసింది.

"ఈడ కంచె ఉండాదా?" అని అడిగింది.

శ్రీవిద్య నవ్వి ఫోను లాక్కుంది. ఆమెకు ప్రొద్దుటూరు సంబంధం కుదిరింది. పిల్లవాడి పేరు రాఘవేంద్రప్రసాద్, వాళ్లది బట్టల అంగడి. నిశ్చితార్థం అయింది, మాఘమాసంలో పెండ్లి. పెండ్లికి ముందు ఇద్దరినీ గండికోటకు తీసుకుపోయి ఫోటోలు తీయించాలని మగపెండ్లివాళ్ల ఆలోచన. ఇప్పుడు అందరూ అట్లనే చేస్తున్నారు. ప్రొద్దుటూరు నుంచి వాళ్లకు దగ్గర. ఆత్మకూరు నుంచి వీళ్లు నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా పోవాలి. జయకుమార్ అనే ఫోటోగ్రాఫరును మాట్లాడుకున్నారు. వచ్చే ఆదివారమే ప్రయాణం.

నాగరత్నమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది. బళ్లో చెప్పిన ఊళ్లూ నదులూ ఎప్పుడో మరిచిపోయింది గానీ, ఆత్మకూరు నుంచి బయటికి పోయే ప్రతి దారిలోనూ ఏ మలుపు దగ్గర ఏమి జరగవచ్చో ఆమెకు బాగా తెలుసు. భర్త కేశవయ్యకు ఇత్తనాల అంగడి. సరుకు కోసం ఆయన కర్నూలుకు పోయినప్పుడల్లా నందికొట్కూరు రాగానే తనంతట తనే ఫోను చేసి "దాటినా" అని ఒక్క మాట చెప్పి పెట్టేస్తాడు. ఆ మాట రావడం కాస్త ఆలస్యమైతే చాలు, నాగరత్నమ్మకు లారీ కనపడుతుంది, ఆసుపత్రి కనపడుతుంది, ఇంటికి వచ్చి చెప్పేవాళ్ల ముఖాలు కనపడతాయి, కూతురికి ముందుగా ఎవరితో చెప్పించాలన్న ఆలోచన కూడా వచ్చేస్తుంది. ఆయన సంచీ మోసుకుంటూ గడప ఎక్కేసరికి ఆమె లోపల అంతా అయిపోయి ఉంటుంది. గుక్కెడు నీళ్లిచ్చి, ఎందుకింత ఆలస్యమని కూడా అడగకుండా వంటింట్లోకి పోతుంది.

అట్లాంటి మనిషికి లోయ అంచు చూపించారు.

మొదట మంచిమాటగానే చెప్పింది. ఫోటోలే కదా, మహానందిలో తీసుకోండి, దేవుడూ ఉన్నాడు, గుండంలో నీళ్లు అద్దంలాగా ఉంటాయి, చుట్టూ చెట్లున్నాయి అనింది. ఆడికి పోతే గుండంలో జారిపడతానంటావని శ్రీవిద్య ఎగతాళి చేసింది. అది అబద్ధం కాదు. మహానంది పేరు నోట్లోంచి వచ్చిన మరుక్షణమే ఆ పాచిపట్టిన మెట్లు నాగరత్నమ్మ కళ్లముందర ఆడాయి. మొగుడితో చెప్పిచూస్తే ఆయన, పిల్లల సరదా, మనమెందుకు అడ్డం పడాల అన్నాడు. ఇంక చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు.

అప్పుడామెకు పసుపు గుర్తుకొచ్చింది.

పసుపు దంచినాక పెండ్లికూతురు పొలిమేర దాటకూడదు. కేశవయ్య ఇంట్లో ఇది గట్టి పట్టింపు. పసుపు దంచడం పెండ్లికి నాలుగైదు రోజుల ముందు పెట్టుకుందామని అనుకున్నదే గానీ, అది ఇంకా ముందే ఎందుకు కాకూడదు? నాగరత్నమ్మ ఎవరికీ చెప్పకుండా అయ్యవారింటికి పోయి, ఈ వారంలో ఏదైనా మంచిరోజు ఉందా అని అడిగింది. శుక్రవారం దివ్యంగా ఉందమ్మా అన్నాడాయన. ఆ మాట పట్టుకొని నంద్యాలలో ఉండే ఆడబిడ్డ కన్యకమ్మకు ఫోను చేసింది. ఇంట్లో ఏ శుభకార్యమైనా రోకలికి పసుపుగుడ్డ కట్టేది ఆమే. శుక్రవారమే దంచుదామని చెప్తే కన్యకమ్మ సంతోషంగా సరేననింది. దంచినాక పిల్ల ఊరు దాటకూడదని ప్రొద్దుటూరుకు కబురు పోయింది. మీ ఇంటి పద్ధతి మీది, ఫోటోలదేముంది పెండ్లయినాక తీసుకోవచ్చు అని వాళ్లు మర్యాదగా అన్నారు.

అంత సులభంగా పని అయిపోతుందని ఆమె అనుకోలేదు. ఆ పూట కడుపునిండా అన్నం తినింది.

శ్రీవిద్య మాత్రం తినలేదు. కోపగించుకోలేదు, వాదించలేదు. ఫోను పక్కన పెట్టి ఊరికే కూర్చునింది. వాదించి ఉంటే నాగరత్నమ్మకు బదులు చెప్పడం వచ్చు.

మరుసటి రోజు ఎండ బాగా కాసింది. సారెలోకి అప్పడాలు వత్తి తల్లీకూతుళ్లు మిద్దె మీద పాత చీర పరిచి ఆరబెడుతున్నారు. నల్లమల వైపు నుంచి గాలి సన్నగా వస్తోంది. చీర కొసల మీద రాళ్లు పెడుతూ శ్రీవిద్య తలెత్తకుండానే అడిగింది.

"ఆదివారం పోకూడదనే కదమ్మా శుక్రవారం పెట్టించినావు?"

నాగరత్నమ్మకు చేతిలోని అప్పడం మడత పడింది.

"నాకు భయమే పాపా. ఆ అంచు చూసినప్పట్నుంచి కండ్లు మూస్తే అదే."

"నాకు మాత్రం భయం కాదా? నేనేమన్నా పక్కింట్లో పుట్టినానా? మిద్దె పిట్టగోడ దగ్గరికే నేను పోను, నీకు తెల్దా?"

తెలుసు. శ్రీవిద్య చిన్నప్పటి నుంచి మిద్దె మధ్యలోనే ఆడుకునేది. ఇప్పుడు కూడా అప్పడాల చీరను మధ్యలోనే పరిచింది. మరి భయమైతే ఎందుకు పోతానంటున్నావని నాగరత్నమ్మ అడిగింది.

"అందుకే పోవల్లమ్మా. ఫోన్లో అందరూ మంచోళ్లే. పొద్దున తిన్నావా, రాత్రి పండుకున్నావా అని అందరూ అడుగుతారు. ఆ అంచుకు పొమ్మన్నప్పుడు నాకు భయం అని చెప్తే ఆయన ఏమంటాడో నేను చూడల్ల. అందరి ముందర పరువు తీసినావంటాడా, చెయ్యి పట్టుకొని లాగుతాడా. భయపడేవాళ్లతో కాపురం చేసేది అందరికీ చేతకాదు. నాయనకు చేతనయింది. ఈయనకు అయితాదో లేదో నాకెట్ల తెలియల్ల?"

నాగరత్నమ్మ మడతపడిన అప్పడాన్ని విప్పి చీర మీద పరిచింది. ఇన్నేళ్ల తన భయాన్ని ఇంట్లో ఎవరో పక్కన నిలబడి చూస్తూ ఉంటారని గానీ, దాన్ని మోసిన మనిషిని కూడా చూసి ఉంటారని గానీ ఆమెకెప్పుడూ తోచలేదు. నందికొట్కూరులో బస్సు ఆగిన ప్రతిసారీ జేబులోంచి ఫోను తీసే ఆ మనిషి, ఒక్కసారి కూడా, ఏమే నీ గోల అనలేదు.

ఆమె బుద్ధి వెంటనే దాని పని అది చేసింది. పిల్ల పోతుంది. ఆ పిల్లవాడు కసురుతాడు. పిల్ల వెనక్కు వచ్చి నాకొద్దంటుంది. లగ్నపత్రిక రాసుకున్న పెండ్లి ఆగిపోతుంది. బజారులో అంగళ్లవాళ్లంతా కేశవయ్యను పలకరించడానికి వస్తారు. ఇదంతా ఒక వరుసలో కనపడింది. దాని పక్కనే ఇంకోటి కూడా కనపడింది. ప్రొద్దుటూరులో ఏదో ఇంట్లో, అడిగితే నవ్వుతారని నోరు మూసుకొని ఫోను పట్టుకొని కూర్చున్న కూతురు. ఎంతసేపు చూసినా ఆ రెండోదానికి అంతు కనపడలేదు.

"తెలిసినాక వద్దనిపిస్తే?" అని మెల్లగా అడిగింది.

"చెప్తా. నీకే ముందు చెప్తా."

సాయంత్రం కన్యకమ్మకు ఫోను చేస్తే ఆమె తేలిగ్గా వదల్లేదు. పొలిమేర దాటితే దోషమని మొన్న చెప్పింది నువ్వే, ఈ పొద్దు దాటించడానికి వచ్చింది నువ్వే, నీ మనసు ఏ బస్సెక్కి తిరుగుతాందే రత్నా అనింది. నలుగురు ముత్తైదువలను పిలిచినాను, వాళ్లకేం చెప్పాల అనింది. నాగరత్నమ్మ అన్నీ పడింది.

"దంచకముందు పోతే దోషం లేదు కదొదినా. పోయొచ్చినాకనే దంచుకుందాం."

"అంత తొందరేమొచ్చింది ఆ కొండకు?"

"చూసుకోవల్లంట."

"కొండనా?"

కొండను కాదులే అనింది నాగరత్నమ్మ. కన్యకమ్మ, మా కాలంలో చూసుకునేదానికి యాడుండేది అని తనలో తాను అనుకున్నట్టుగా అని, అయ్యవారితో తానే మాట్లాడి బుధవారానికి మార్పిస్తానని ఫోను పెట్టేసింది.

ప్రొద్దుటూరుకు మళ్లీ కబురు పోయింది. ఆదివారం నాగరత్నమ్మ కూడా బయలుదేరింది. కోట లోపల గుడి మండపం నీడలో కూర్చోవాలి, అక్కడి నుంచి కదలకూడదు, కేకలు పెట్టకూడదు అని శ్రీవిద్య మాట తీసుకుంది. పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకొని నాగరత్నమ్మ మాట నిలబెట్టుకుంది.

దూరం నుంచి మాటలు వినపడవు, మనుషులు మాత్రం కనపడతారు. ఎర్ర బండల మీద నిమ్మపండు రంగు చీరలో శ్రీవిద్య నిలబడి ఉంది. జయకుమార్ కెమెరా ఎత్తి, ఇంకొంచెం అటు అని చెయ్యి ఊపాడు. శ్రీవిద్య కదల్లేదు. అతను మళ్లీ ఊపాడు. శ్రీవిద్య తల అడ్డంగా ఆడించి, పక్కనున్న రాఘవేంద్రప్రసాద్‌తో ఏదో చెప్పింది.

అతను నవ్వాడు.

నాగరత్నమ్మ డబ్బా మూత మీద వేళ్లు బిగించింది. అతను అంతటితో ఆగలేదు, ఏమీ కాదు చూడు అన్నట్టుగా తనే అంచు దగ్గరికి నడిచిపోయి నిలబడి చేతులు చాపాడు. ఇటు చూస్తే శ్రీవిద్య చేతులు కట్టుకొని నిలబడింది. చేతులు కట్టుకుంటే ఆ పిల్ల ఇంక ఎవరి మాటా వినదు. అయిపోయింది, అనుకుంది నాగరత్నమ్మ. బజారు మొత్తం కళ్లముందరికి వచ్చింది.

రాఘవేంద్రప్రసాద్ చేతులు దించాడు. కాసేపు శ్రీవిద్య ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు. తరువాత వెనక్కు నడిచి వచ్చి ఆమెతో ఏదో అన్నాడు. ఆమె చుట్టూ చూసి, లోయకు బాగా ఎడంగా ఉన్న ఒక పాత గోడను చూపించింది. ఇద్దరూ ఆ గోడ దగ్గరికి నడిచారు. మగపెండ్లివాళ్ల వైపు నుంచి ఎవరో ఆడమనిషి, ఇంత దూరం వచ్చి గోడ ముందర ఫోటోనా అని గట్టిగా అనడం మాత్రం వినపడింది. జయకుమార్ తల గోక్కుంటూ కెమెరా తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం మండపంలో తల్లి పక్కన కూర్చొని శ్రీవిద్య పులిహోర రెండుసార్లు పెట్టించుకొని తినింది. నాగరత్నమ్మ ఎంత ఓర్చుకున్నా ఆగలేక, వెనక్కు వచ్చి ఏమన్నాడని అడిగింది.

"నీకు యాడ నిలబడితే భయం ఉండదో ఆడ నిలబడు, నేనే ఆడికొస్తా అన్నాడు."

"మరి ముందు నవ్వినాడే?"

"నవ్వినాడు. అడిగేసినాలే, తప్పే అన్నాడు." శ్రీవిద్య వేళ్లు నాకి, గోడ దగ్గర నీళ్లసీసా వెతుక్కుంటున్న అతని వైపు చూసింది. ఆ చూపులో, వద్దనిపించిందా అని నాగరత్నమ్మ అడగాలనుకున్న ప్రశ్నకు జవాబు ఉంది. "అయినా ఊరికే వదలను. రెండు రోజులు ఫోనెత్తను."

నాగరత్నమ్మ గాభరాపడింది.

"రెండు రోజులెందుకే, ఒక పూట చాలు. ఏమయిందో ఏమోనని ఆ పిల్లోడు అన్నం మానేస్తాడు."